ముందు వేసిన కార్డు చివర పారే ఆట

రమ్మీలో ఎదుటివాడు ముక్క ఎత్తుతుంటే మనం చేయగలిగింది ఏమీ లేదు. చేతిలోని 13 ముక్కలు సర్దుకుంటూ వంతు కోసం కూర్చోవడమే. మనకు కావలసిన రాణిని అతను ఎగరేసుకుపోయినా పళ్లు నూరుకోవాలి తప్ప ‘ఆగు’ అనడానికి లేదు. 1993 ఆగస్టులో అమెరికాలో విడుదలైన మేజిక్: ది గ్యాదరింగ్‌లో ‘ఆగు’ అనొచ్చు. ఎదుటివాడు కార్డు వేశాక, అది పనిచేసేలోపే మనం ఇంకోటి వేయొచ్చు. దాని మీద అతను మరొకటి. ట్రేడింగ్ కార్డు ఆటలకు ఆద్యమైన ఆ ఆటలో సగం మజా ఈ అడ్డు తగలడంలోనే ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

ఇదేదో చేతివేగం పోటీ అనీ, ముందు వేసినవాడిదే పైచేయి అనీ చాలామంది అనుకుంటారు. లెక్క తలకిందులు. ఓపిగ్గా ఆగి ఆఖర్న వేసినవాడి కార్డే ముందు పారుతుంది. ఒక టర్నులో ఎన్నిసార్లు ఆగి ఎదుటివాడిని అడగాలి, జవాబు మీద జవాబు వేయనివ్వాలా వద్దా, వేయనిస్తే ఎక్కడిదాకా అన్నది ఒక్కో ఆట ఒక్కో రకంగా తేల్చుకుంది. ఆ అంకెలు చూస్తే ఆట గుణం పట్టుబడుతుంది.

2 కార్డులు, 4 దారులు

లెక్కల పుస్తకంలోని రాము, సోములనే పిలుద్దాం. రాము బల్ల మీద గ్రిజ్లీ బేర్స్ అనే జీవి ఉంది. దాని అంకెలు 2/2. అంటే 2 పాయింట్ల దెబ్బ కొడుతుంది, ఒకే టర్నులో 2 పాయింట్ల దెబ్బ తగిలితే పోతుంది. రాము చేతిలో జెయింట్ గ్రోత్ అనే మంత్రం ఉంది. ఒక జీవికి ఆ టర్ను ముగిసేదాకా +3/+3 ఇస్తుంది. సోము చేతిలో లైట్నింగ్ బోల్ట్ ఉంది. 3 పాయింట్ల దెబ్బ. రెండు మంత్రాలకూ ఖర్చు ఒక్క మానాయే (మంత్రాలకు చెల్లించే ఇంధనం పేరు మానా). రెండూ ఇన్‌స్టంట్ జాతివి, అంటే ఎదుటివాడి వంతులోనూ వేయదగ్గవి.

ఈ రెండూ పడటానికి 4 దారులున్నాయి. మొదటి దారిలో రాము గ్రోత్ వేశాడు, సోము ఊరుకున్నాడు, ఎలుగు 5/5 అయింది. ఆ తర్వాత సోము బోల్ట్ వేశాడు. 5లో 3 పోయినా ఎలుగు నిలబడింది. టర్ను చివర తగిలిన దెబ్బా, పెరిగిన బలమూ ఒకేసారి చెరిగిపోతాయి కాబట్టి మళ్లీ మామూలు 2/2.

రెండో దారిలో రాము గ్రోత్ వేశాడు, అది పారకముందే సోము బోల్ట్ వేశాడు. బోల్ట్ ముందు పారింది, 2/2 ఎలుగు చచ్చింది. గ్రోత్ వంతు వచ్చేసరికి పెంచడానికి జీవి లేదు. మూడో దారిలో సోమే ముందు బోల్ట్ వేశాడు, దానికి జవాబుగా రాము గ్రోత్ వేశాడు. ఎలుగు ముందు 5/5 అయింది, ఆ తర్వాత 3 దెబ్బ తగిలింది, బతికింది. నాలుగో దారిలో సోము బోల్ట్ వేశాడు, రాము చూస్తూ ఊరుకున్నాడు, ఎలుగు చచ్చింది. ఇక గ్రోత్ చేతిలో ఉండి ఏం లాభం?

4 దారుల్లో 2 సార్లు ఎలుగు బతికింది, 2 సార్లు పోయింది. కార్డులు అవే, ఖర్చూ అదే. ఎదుటివాడి కార్డు గాల్లో ఉండగా జవాబిచ్చిన రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ తొందరపడి ముందు వేసినవాడే నష్టపోయాడు. రెండో దారి మరీ ఘోరం. అక్కడ రాము ఎలుగునూ గ్రోత్‌నూ కలిపి 2 కార్డులు పోగొట్టుకుని సోముతో ఒక్క కార్డే ఖర్చుపెట్టించాడు. ఆటగాళ్ల భాషలో దీన్ని టూ ఫర్ వన్ అంటారు. చెయ్యి తిరిగినవాళ్లు సోము దగ్గర మానా అయిపోయేదాకా గ్రోత్‌ను బయటికి తీయరు.

దీని వెనక ఉన్న యంత్రం పేరు స్టాక్. వేసిన మంత్రం వెంటనే పనిచేయదు, స్టాక్ మీదికెక్కి కూర్చుంటుంది. రమ్మీలో విసిరిన ముక్కల కుప్ప మీద ఆఖరి ముక్కే పైన కనిపించినట్టు ఇక్కడా ఆఖర్న వేసినదే పైన ఉంటుంది. పైనుంచి కిందికి ఒక్కొక్కటే పారతాయి. బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకు ఈపాటికి పుష్, పాప్ గుర్తొచ్చే ఉంటాయి. అచ్చంగా అదే.

అన్నీ స్టాక్ ఎక్కవు. నేల కార్డు బల్ల మీద పెట్టడం, దాన్ని అడ్డంగా తిప్పి మానా తీయడం ఎవరి అనుమతీ అడగని పనులు. ప్రతి మానాకూ ‘నీ జవాబేంటి’ అని అడుగుతూ పోతే ఆట తెల్లారేదాకా తెమలదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. జీవి తనకున్న శక్తిని వాడి అది స్టాక్ ఎక్కాక, ఆ జీవిని చంపినా శక్తి ఆగదు. రాయి విసిరినవాడిని పట్టుకుంటే గాల్లో ఉన్న రాయి ఆగదు కదా. యు-గి-ఓ అనే మరో కార్డు ఆటలోనూ ఇదే తంతు. అక్కడ కొత్తవాళ్లందరూ మిస్టికల్ స్పేస్ టైఫూన్ అనే కార్డుతో ఎదుటివాడి మామూలు మంత్రాన్ని ధ్వంసం చేసి, దాని పని ఆగిపోయిందనుకుంటారు. కార్డు పోతుంది, పని మాత్రం జరిగిపోతుంది.

టర్నుకు 20 సార్లు ఊఁ కొట్టాలి

ఎప్పుడు పడితే అప్పుడు అడ్డు తగలడానికి మాత్రం లేదు. మాట్లాడే హక్కు ఒక సమయంలో ఒక్కరికే ఉంటుంది. దాని పేరు ప్రయారిటీ. టర్ను ఎవరిదో వాళ్లకు ముందు వస్తుంది. ఏదైనా వేయాలి, లేదా ‘ఊఁ, కానియ్’ అని పక్కవాడికి వదలాలి. ఇద్దరూ వరసగా వదిలితే స్టాక్ పైనున్న కార్డు ఒక్కటి పారుతుంది. స్టాక్ ఖాళీగా ఉంటే ఆట తర్వాతి ఘట్టానికి జరుగుతుంది.

మేజిక్ టర్నులో 5 దశలున్నాయి. వాటిని మళ్లీ మెట్లుగా విడగొడితే మొత్తం 12 ఘట్టాలు: ఆరంభంలో 3, మొదటి మెయిన్ దశ 1, పోరాటంలో 5, రెండో మెయిన్ దశ 1, ముగింపులో 2. మొట్టమొదటి అన్‌ట్యాప్‌లోనూ చిట్టచివరి క్లీనప్‌లోనూ మామూలుగా ఎవరికీ ప్రయారిటీ రాదు. మిగిలినవి 10. ఒక్కో ఘట్టంలో ఇద్దరూ ఊఁ కొట్టాలి కాబట్టి 10 × 2 = 20. ఇది ఎవరూ ఒక్క కార్డూ వేయని టర్ను సంగతి. దాడి చేయకపోతే అడ్డుకునే మెట్టూ, దెబ్బలు తగిలే మెట్టూ ఎగిరిపోయి లెక్క 16కు దిగుతుంది. వేసిన ప్రతి మంత్రం ఇంకో 2 కలుపుతుంది. 100 కార్డుల డెక్‌తో, 40 పాయింట్ల ప్రాణంతో నలుగురు కలిసి ఆడే కమాండర్ పద్ధతిలో ఉత్త టర్నుకే 40 ఊఁలు.

టోర్నమెంటులో ఒక రౌండుకు ఇచ్చేది 50 నిమిషాలు. అంటే 3,000 సెకన్లు. ఒక్కో ఆట 16 టర్నులు సాగి, 2 ఆటల్లో రౌండు తేలిందనుకుందాం. 16 × 20 × 2 = 640 ఊఁలు. ఒక్కోదానికి 5 సెకన్లు కూడా దొరకవు. కార్డులు వేయడానికీ, ఆలోచించడానికీ, కలపడానికీ పట్టే సమయం ఇందులో లెక్కే వేయలేదు.

అందుకే బల్ల దగ్గర ఎవరూ 20 సార్లు ఊఁ కొట్టరు. “అటాక్‌కి వెళ్తున్నా, ఏమైనా ఉందారా?” అని రాము అడుగుతాడు. “లేదు, కానియ్” అంటాడు సోము. నాలుగైదు ఘట్టాలు ఆ ఒక్క ముక్కతో దాటిపోతాయి. ఇలాంటి అడ్డదారులను టోర్నమెంటు నియమాలు కూడా గుర్తించి రాసిపెట్టాయి. ఒక కార్డు వేసినవాడు వేరే ఏమీ చెప్పకపోతే ప్రయారిటీ వదిలేసినట్టే లెక్క. తన కార్డుకు తానే జవాబు వేసుకోవాలనుకుంటే ఆ సంగతి నోటితో చెప్పాలి. నాకు ఇది చాలా సమంజసంగా కనిపిస్తుంది. నియమాల పుస్తకం 250కి పైగా పేజీలున్నా, బల్ల దగ్గర చెల్లేది మనుషుల మాటే.

6 వరుసల్లో దొరికేవి 5

ఇప్పుడు మూడో కార్డును తెద్దాం. మేజిక్ తొలి ముద్రణలో ఒక్కో రంగుకు ఒకటి చొప్పున 5 కార్డులున్నాయి. అన్నిటికీ ఖర్చు 1 మానా, ఫలం 3. బోల్ట్‌కు 3 దెబ్బ, గ్రోత్‌కు +3/+3, డార్క్ రిచువల్‌కు 3 మానా, హీలింగ్ సాల్వ్‌కు 3 పాయింట్ల ప్రాణం, యాన్సెస్ట్రల్ రీకాల్‌కు 3 కార్డులు. కాగితం మీద అన్నీ సమానమే. ఆటలో రీకాల్‌కు మిగతావి దరిదాపుల్లో లేవు. దాన్ని అనుమతించే వింటేజ్ పద్ధతిలో కూడా డెక్‌కు ఒక్కటే ఉండాలి.

సోము ఎలుగు మీద బోల్ట్ వేశాడు. ఇది 1వ మంత్రం. రాము చేతిలో గ్రోత్ లేదు, రీకాల్ ఉంది. జవాబుగా రీకాల్ వేశాడు, అది 2వది. రీకాల్ పారింది, 3 కార్డులు వచ్చాయి, వాటిలో గ్రోత్ ఉంది! బోల్ట్ ఇంకా కింద ఎదురుచూస్తూనే ఉంది. రాము గ్రోత్ వేశాడు, అది 3వది. ఎలుగు 5/5 అయ్యాక బోల్ట్ తగిలింది. వేసిన వరుస 1, 2, 3. పారిన వరుస 2, 3, 1. ఒక్కో మంత్రం పారాక మళ్లీ ప్రయారిటీ చేతులు మారడం వల్లే రాముకు ఈ అదృష్టం దక్కింది.

3 వస్తువులను 6 వరుసల్లో అమర్చొచ్చని ఇంటర్ పాఠం. స్టాక్ మీద వాటిలో 5 సాధ్యం. కానిది ఒక్కటే: 3, 1, 2. మూడోది ముందు పారిందంటే 1, 2 రెండూ అప్పటికి దాని కింద ఉన్నట్టే. అప్పుడు 2 లేవకుండా 1 ఎలా లేస్తుంది? 4 మంత్రాలైతే 24 వరుసల్లో 14, 5 మంత్రాలైతే 120లో 42. ఈ 2, 5, 14, 42 అనేవి 19వ శతాబ్దపు బెల్జియం గణితవేత్త యూజీన్ కతలాన్ పేరుతో ప్రసిద్ధమైన సంఖ్యలు. స్టాక్ నుంచి ఎన్ని వరుసలు వెలికి తీయొచ్చన్న ప్రశ్నను డొనాల్డ్ నూత్ 1968లో వచ్చిన తన కంప్యూటర్ ప్రోగ్రామింగ్ గ్రంథం మొదటి సంపుటంలో చర్చించాడు. మేజిక్ సృష్టికర్త రిచర్డ్ గార్ఫీల్డ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది కూడా ఇలాంటి లెక్కలుండే కాంబినేటరిక్స్‌లోనే, ఆట వచ్చిన 1993లోనే.

అయితే గార్ఫీల్డ్ తొలి ఆటలో ఈ స్టాక్ లేదు. అది 1999లో, సిక్స్త్ ఎడిషన్ నియమాలతో వచ్చింది. అంతకుముందు ఇన్‌స్టంట్లను ఒక గుంపుగా పోగేసి, పారడం మొదలయ్యాక గుంపంతా అయిపోయేదాకా కొత్తది వేయనిచ్చేవారు కాదు. రాము రీకాల్‌తో గ్రోత్ తెచ్చుకున్నా బోల్ట్ తగిలేదాకా నోరు మూసుకోవాల్సిందే. పైగా ఇంటరప్ట్ అని ఇంకో జాతి కార్డులుండేవి. ఎదుటి మంత్రాన్ని రద్దుచేసే కౌంటర్‌స్పెల్ అప్పట్లో ఇంటరప్టే. వాటికి జవాబు ఇంటరప్టులతోనే ఇవ్వాలి. 1999లో ఆ జాతిని ఎత్తేసి కౌంటర్‌స్పెల్‌ను కూడా మామూలు ఇన్‌స్టంట్ చేశారు. మేజిక్‌లో జరిగిన మార్పుల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. నియమాలు తగ్గాయి, ఆడగలిగే దారులు పెరిగాయి.

ఆ ఊపులో ఒకచోట అతి కూడా చేశారు. పోరాటంలో తగిలే దెబ్బలను సైతం స్టాక్ ఎక్కించారు. మాగ్ ఫెనాటిక్ అనే 1/1 జీవి ఖరీదు 1 మానా. దాన్ని బలి ఇస్తే ఎవరికైనా 1 దెబ్బ. ఎదుటి 2/2 జీవితో తలపడి, తన 1 దెబ్బ స్టాక్ ఎక్కాక, ఫెనాటిక్‌ను బలి ఇచ్చి ఇంకో 1 కొట్టేవారు. మొత్తం 2. చచ్చిపోయిన జీవి పిడిగుద్దు తర్వాత తగలడం అన్నమాట! 1 మానా కార్డు తనకంటే పెద్దదాన్ని తీసుకుపోయేది. 2009 జులైలో వచ్చిన మేజిక్ 2010 నియమాలు దెబ్బలను స్టాక్ మీంచి దించేశాయి. అప్పటినుంచి ఫెనాటిక్ గుద్దడమో, బలి కావడమో ఒకటే ఎంచుకోవాలి. పాతకాపులు కొందరు ఆ మార్పును ఇప్పటికీ తిట్టుకుంటారు.

చైన్ కట్టడం, మూడు వేగాలు

మేజిక్‌లోకి స్టాక్ వచ్చిన 1999లోనే, ఫిబ్రవరిలో, జపాన్‌లో కొనామీ సంస్థ యు-గి-ఓ కార్డు ఆటను విడుదల చేసింది. కజుకి తకహషి 1996లో మొదలుపెట్టిన మాంగా బొమ్మల కథ దానికి మూలం. 2011 మార్చి నాటికి 2,500 కోట్లకు పైగా కార్డులు అమ్ముడుపోయాయని గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. ఇందులో మానా లేదు. కార్డు వేయడానికి చాలాసార్లు ఖర్చే ఉండదు. మరి ఎవరు ఎప్పుడు అడ్డుపడాలన్నది దేనితో కట్టడి చేయాలి? 1, 2, 3 అని మూడు వేగాలు పెట్టి కట్టడి చేశారు.

వేగం 1 మామూలు మంత్రాలది. ఇవి చైన్ (జవాబుల గొలుసు) మొదలుపెట్టగలవు గానీ జవాబుగా పనికిరావు. వేగం 2 క్విక్-ప్లే మంత్రాలదీ, మామూలు ట్రాప్ కార్డులదీ; 1కీ 2కీ జవాబివ్వగలవు. వేగం 3 కౌంటర్ ట్రాప్ ఒక్కదానిదే. దానికి జవాబు మరో కౌంటర్ ట్రాపే. 1999లో మేజిక్ వదిలించుకున్న ఇంటరప్టులకూ ఈ మూడో వేగానికీ పోలిక చూడండి. జవాబు వేగం కనీసం 2 అయి, ముందుదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలన్న ఒక్క సూత్రం పట్టుకుంటే సగం తగాదాలు తీరిపోతాయి. మిగతా సగం జడ్జి తీర్చాలి.

మూడో వేగం ఎంత ఖరీదో సాలెమ్ జడ్జ్‌మెంట్ చెబుతుంది. ఈ కౌంటర్ ట్రాప్‌తో మంత్రాన్నో, ట్రాప్‌నో, జీవి రాకనో రద్దు చేయొచ్చు. అందుకు మన ప్రాణంలో సగం ఇవ్వాలి. ఆట మొదలయ్యేది 8,000తో. మొదటిసారి వాడితే 4,000 మిగులుతుంది, రెండోసారికి 2,000, మూడోసారికి 1,000. మూడింటికీ కలిపి 7,000 చెల్లించాం. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు దీని ధర ఎక్కువ, చావు దగ్గరికొచ్చాక చవక. కొన ఊపిరితో ఉన్నవాడి ముందు ధైర్యంగా మంత్రం వేయలేని పరిస్థితి ఇందువల్లే వస్తుంది.

చైన్ కూడా స్టాక్ లాగే వెనకనుంచి ముందుకు పారుతుంది. తేడా ఎక్కడంటే, విప్పడం మొదలయ్యాక మధ్యలో ఎవరూ కొత్త లంకె తగిలించడానికి లేదు. ఇది పాత మేజిక్ గుంపు పద్ధతే. కాబట్టి వరుసల లెక్క మారుతుంది. వేగాల ఆంక్షలను పక్కనపెట్టినా 3 కార్డులకు 5 కాదు, 4 వరుసలే దొరుకుతాయి. రాముకు కలిసొచ్చిన 2, 3, 1 ఇక్కడ కుదరదు. 4 కార్డులకు 8, 5 కార్డులకు 16. ఒక్కో కార్డుకూ రెట్టింపవుతూ పోతుంది. మేజిక్‌లో 5 మంత్రాలకు 42 వరుసలుంటే ఇక్కడ 16. అంటే ఒకసారి చైన్ బిగిశాక ఫలితం ఇంచుమించు తేలిపోయినట్టే. తర్వాత మిగిలింది దాన్ని విప్పి చూసుకోవడం.

ఈ మధ్యలో మాట్లాడకూడదన్న పద్ధతి వల్ల పుట్టిన తలనొప్పి పేరు ‘టైమింగ్ తప్పడం’. కొన్ని జీవుల శక్తి ‘ఫలానాది జరిగినప్పుడు, కావాలంటే వాడుకో’ అన్న తీరులో ఉంటుంది. అలాంటి శక్తి వాడాలంటే ఆ జరిగినది అన్నిటికంటే ఆఖర్న జరిగి ఉండాలి. పీటెన్ ది డార్క్ క్లౌన్ అనే కార్డు సమాధికి చేరినప్పుడు, దాన్ని తొలగించి ఇంకో పీటెన్‌ను పిలుచుకోవచ్చు. మరో పెద్ద జీవిని రప్పించడానికి పీటెన్‌ను బలి ఇచ్చామనుకోండి. పీటెన్ సమాధికి చేరింది, ఆ వెంటనే పెద్ద జీవి వచ్చింది. ఆఖర్న జరిగింది పెద్ద జీవి రాక, పీటెన్ చావు కాదు. కాబట్టి అవకాశం పోయింది. అదే కార్డు మీద ‘జరిగినప్పుడు’ బదులు ‘జరిగితే’ అని ఉంటే అవకాశం పోదు. ఎనిమిదేళ్ల పిల్లలు కొనుక్కునే కార్డులో ఇంత వకీలుతనం అవసరమా అనిపిస్తుంది. కానీ పిల్లలే దీన్ని పెద్దవాళ్లకంటే త్వరగా పట్టేస్తారు.

జవాబే లేని ఆటలు

పోకెమాన్ కార్డు ఆట 1996లో జపాన్‌లో వచ్చింది. 60 కార్డుల డెక్, గెలవడానికి 6 బహుమతి కార్డులు. ఎదుటివాడి టర్నులో చేతిలోంచి కార్డు తీసి జవాబివ్వడం ఇందులో లేదు. దాడి చేస్తే టర్ను ముగిసినట్టే. ఎన్ని కార్డులు వేసినా పారే వరుస వేసిన వరుసే. మన లెక్కలో 1.

2014 మార్చిలో బ్లిజార్డ్ సంస్థ తెచ్చిన హార్త్‌స్టోన్ మొదటినుంచీ తెర మీద ఆటే. టర్నుకు గడువు 75 సెకన్లు. ఎదుటివాడు ఎక్కడో వేరే దేశంలో ఉంటాడు. ప్రతి కార్డుకూ ఆగి అతన్ని అడుగుతూ కూర్చుంటే ఆ 75 సెకన్లు ఎటూ చాలవు. అందుకని జవాబులను ముందే దాచిపెట్టే సీక్రెట్ కార్డులు చేశారు. మన టర్నులో వేసి ఉంచితే, ఎదుటివాడి టర్నులో షరతు తగిలిన క్షణాన అవే పేలతాయి. మేజ్ పాత్రకు కౌంటర్‌స్పెల్ అనే సీక్రెటే ఉంది. ఖర్చు 3 మానా. మేజిక్‌లో అదే పేరున్న కార్డు ఖర్చు 2.

ఖర్చులో తేడా 1 మానాయే, శక్తిలో తేడా అంతకంటే పెద్దది. మేజిక్‌లో దేన్ని రద్దు చేయాలో మనం ఎంచుకుంటాం. చిన్నాచితకా మంత్రాలను వదిలేసి, అసలుది పడేదాకా కాసుకుని కూర్చోవచ్చు. హార్త్‌స్టోన్ సీక్రెట్‌కు ఆ వివేకం లేదు. ఎదుటివాడు ముందు ఏ మంత్రం వేస్తే దాని మీదే పేలుతుంది. రెండో వంతు ఆటగాడికి ఊరికే ఇచ్చే ‘ది కాయిన్’ అనే 0 మానా కార్డు కూడా మంత్రమే. దాన్ని విసిరి 3 మానా సీక్రెట్‌ను ఖాళీ చేయించి, ఆ తర్వాత అసలు మంత్రం వేయడం అక్కడ పాత చిట్కా. అడిగే పద్ధతి తీసేస్తే ఆట పరుగెడుతుంది, నిజమే. దాని బదులు ఎంచుకునే హక్కు పోతుంది.

మేజిక్‌ను తెర మీదికి తెచ్చినవాళ్లు ఈ చిక్కును రెండుసార్లు వేర్వేరుగా విప్పబోయారు. 2002లో వచ్చిన మేజిక్ ఆన్‌లైన్ చదరంగంలో లాగా ఒక్కొక్కరికీ 25 నిమిషాల గడియారం ఇచ్చింది. ఊఁ కొట్టడానికి ఎంతసేపు తీసుకుంటే నీ గడియారమే కరుగుతుంది. 2019 సెప్టెంబరులో అధికారికంగా విడుదలైన ఎరీనా ఇంకో దారి పట్టింది. నీ చేతిలో వేయదగ్గ కార్డు లేకపోతే నీ తరఫున అదే ఊఁ కొట్టేస్తుంది. ఆట ఎంత హాయిగా సాగుతుందో! కానీ ఒక చిల్లు ఉంది. సోము మంత్రం వేయగానే తెర ఒక్క క్షణం ఆగిందంటే రాము దగ్గర వేయదగ్గదేదో ఉందన్నమాట. ఆగకుండా సాగిపోతే బహుశా ఏమీ లేదు. చేతిలో కార్డు లేకపోయినా ఉన్నట్టు నటించడం బల్ల దగ్గర ఆటలో భాగం. ఎరీనాలో నటించాలంటే కంట్రోల్ కీ నొక్కి ప్రతి ఘట్టంలోనూ ఆగమని యంత్రానికి ముందే చెప్పుకోవాలి.

20 నుంచి 2కు

జవాబిచ్చే హక్కు విలువ ఎంతో తెలియాలంటే దాన్ని లాగేసుకునే కార్డులను చూడాలి. 2006లో వచ్చిన టైమ్ స్పైరల్ సంచికలో స్ప్లిట్ సెకండ్ అనే గుణం పెట్టారు. ఆ గుణమున్న మంత్రం స్టాక్ మీద ఉన్నంతసేపూ ఎవరూ వేరే మంత్రం వేయకూడదు. మానా తీసే శక్తులు తప్ప ఇంకే శక్తినీ వాడకూడదు. క్రోసాన్ గ్రిప్ ఒక వస్తువునో మాయాబంధాన్నో ధ్వంసం చేస్తుంది. ఖర్చు 3 మానా. అదే పని 2 మానాకే చేసే డిసెన్‌చాంట్ 1993 నుంచీ ఉంది. ఎదుటివాడి నోరు ఒక్కసారి మూయించడానికి 1 మానా అదనం అని డిజైనర్లు ధర కట్టారన్నమాట.

ఒక్కసారి కాదు, ఆటంతా మూయిస్తే? 2019లో వార్ ఆఫ్ ది స్పార్క్ సంచికలో టెఫెరీ, టైమ్ రావెలర్ అనే కార్డు వచ్చింది. ఖర్చు 3 మానాయే. అది బల్ల మీద ఉన్నంతకాలం ఎదుటివాడు సోర్సరీ అనే జాతి మంత్రం వేయదగ్గ సమయంలోనే ఏ మంత్రాన్నైనా వేయాలి. అంటే తన టర్నులో, తన మెయిన్ దశలో, స్టాక్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే. నా టర్నులో 10, తన టర్నులో 10 కలిపి ఇన్‌స్టంట్ వేయడానికి అతనికి 20 ఘట్టాలు ఉండేవి. టెఫెరీ దిగాక మిగిలినవి 2. కౌంటర్‌స్పెల్ లాంటివి చేతిలో ఎన్నున్నా చిత్తు కాగితాలే, ఎందుకంటే రద్దు చేయడానికి స్టాక్ మీద ఏదైనా ఉన్న క్షణంలో వాటిని వేయడానికి వీల్లేదు. అది చాలదన్నట్టు ఇదే కార్డుకున్న ఇంకో శక్తి వాడితే, నా సోర్సరీలను నేను ఇన్‌స్టంట్లలా ఎదుటివాడి టర్నులోనూ వేసుకోవచ్చు. అతనికి 2కు కుదించి, నాకు మాత్రం పెంచుకోవడం.

ఇద్దరి బల్లల మీదా టెఫెరీ ఉంటే పరిస్థితి ఇంకా విచిత్రం. ఏ మంత్రానికీ మంత్రంతో జవాబు లేదు. 3 వేసినా 5 వేసినా పారే వరుస ఒక్కటే. మేజిక్ కాస్తా పోకెమాన్ అయి కూర్చుంటుంది. స్టాండర్డ్ పద్ధతి టోర్నమెంట్లలో ఆ కార్డును 2020 ఆగస్టులో నిషేధించారు.